చక్రముల యంచులు, కాలిబాట గట్లు

చీర యెంత వెలగలదైనను ముందుగా మాయునది దాని యంచు. ఇత్తడిగిన్నె యెంత గట్టిదైనను ముందుగా నొక్కుపడునది దాని మూతియంచు. అట్లే ఇంటికి క్రొత్తగా వచ్చిన పెద్దకారునకు మొట్టమొదట దెబ్బ తగులునది చక్రపుటంచు. ఎస్‌యూవీలని పిలువబడు ఎత్తైన కార్లు నేడు మన పట్టణములలో వీథివీథినను కానవచ్చుచున్నవి. వానిని నడుపు స్త్రీలును పెక్కుమంది కలరు. అట్టి కారు ఎడమప్రక్క చక్రములను ఒక్కమారు వంగి చూడుడు. వెండివలె మెరయు అంచుమీద ఆకురాయితో రాచినట్లు గీతలు కనబడును. అవి కాలిబాట గట్టునకు ఒరసికొనిన గురుతులు. ఇవి యేల కలుగుచున్నవి, టైర్లను ఎంచుకొనుటలో కొంచెము జాగ్రత్త వహించినచో ఎంతవరకు తప్పించుకొనవచ్చును అను విషయమును మేము తెలిసికొనినంత విన్నవింప దలచితిమి.

మేమీ విషయమునకు పూనుకొనుటకు కారణమొకటి కలదు. రాజమహేంద్రవరముననున్న మా అన్నగారు ఎస్‌యూవీ కొనిరి. మా వదినెగారు ముప్పదియైదేండ్ల వయసున కారు నడుపుట నేర్చిరి. మోకాలికి శస్త్రచికిత్స జరిగిన మా అమ్మగారిని వారమునకు రెండుమారులు వ్యాయామచికిత్సకు తీసికొనిపోవుట ఆమె పని. ఒకనాడు ఆసుపత్రి ముంగిట మలుపు తిరుగుచుండగా వెనుకచక్రము గట్టునకు రాచుకొనినది. మరి పదిదినములకు ముందుచక్రము గట్టెక్కి దిగినది. ఇంటిలో పరిహాసములు మొదలయ్యెను. “ఆడవారి చేతికి బండి యిచ్చిన నింతే గదా” యని చుట్టములు నవ్విరి. అన్నగారు ఏమియు ననలేదు గాని, చక్రముల చెంత కూర్చుండి గీతలు లెక్కించిరి. ఆ మౌనము పరిహాసముకన్న కటువయ్యెను. వదినెగారు తాళముచెవులు గూటిలో పెట్టి మరల ముట్టలేదు. అన్నగారికి తీరిక దొరకక చికిత్స తప్పుచు వచ్చెను. అమ్మగారి మోకాలు మరల బిగుసుకొనసాగెను. లోహముపై నాలుగు గీతలు ఒక ముసలితల్లి నడకను నిలిపివేసెనన్నమాట! దీనిని చూచి యూరకుండలేకపోయితిమి.

మొదట తెలిసికొనవలసినది, ఈ గీతలలో నడుపువారి తప్పు కొంత, చక్రపు నిర్మాణము చేసిన తప్పు కొంత యని. 2014లో తయారీ నిలిచిపోయిన అంబాసిడరు కారును మనలో పెక్కుమంది యెరుగుదురు. దాని చక్రములు 15 అంగుళముల యినుప చక్రములు. వానిచుట్టు దళసరి రబ్బరు కోటగోడవలె నుండెడిది. గట్టునకు తాకినను తాకునది రబ్బరే. లోహమునకు తగిలినను నొక్కుపడిన మూతను మార్చిన చాలెడిది. ఇప్పటి కార్లకు సొగసు కొరకు 17, 18, 19 అంగుళముల అల్యూమినియపు మిశ్రలోహ చక్రములు వేయుచున్నారు. చక్రము మొత్తపు ఎత్తు పెంచరాదు గనుక లోహము పెరిగినకొలది రబ్బరు తరుగుచున్నది. 1888వ సంవత్సరమున బెల్ఫాస్టు నగరమున జాన్ బోయిడ్ డన్లప్ అనునాయన తన కుమారుని మూడుచక్రముల బండికి గాలి నింపిన రబ్బరు గొట్టమును చుట్టెను. బాలుని యొడలికి కుదుపు తగులకుండుటయే ఆయన కోరిక. రోడ్డుకును లోహమునకును నడుమ మెత్తని గాలిదిండు ఉండవలెనన్న ఆ కోరికను నేటి సొగసు కొంత మరచినది.

ఇక టైరుమీది అంకెలను చదువుట నేర్వవలెను. ఇది కష్టము కాదు. చీటీమీద పచ్చడి కొలతలు చదువువారికి ఇదియు వచ్చును. ఉదాహరణమునకు 235/60 ఆర్ 18 అని యున్నదనుకొనుడు. 235 అనగా టైరు వెడల్పు, మిల్లీమీటర్లలో. 60 అనగా ప్రక్కగోడ ఎత్తు ఆ వెడల్పులో నూటికి 60 వంతులని. అనగా 141 మిల్లీమీటర్లు. 18 అనగా లోహచక్రపు వ్యాసము, అంగుళములలో. అది 457 మిల్లీమీటర్లకు స్వల్పముగ హెచ్చు. దీనికి రెండు గోడలను కలిపినచో మొత్తము వ్యాసము 739 మిల్లీమీటర్లగును.

ఇప్పుడు 235/65 ఆర్ 17 ను లెక్కింపుడు. ప్రక్కగోడ దాదాపు 153. మొత్తము వ్యాసము 737. వ్యాసములో తేడా రెండు మిల్లీమీటర్లే. గోడలో తేడా పండ్రెండు. 235/55 ఆర్ 19 అయినచో గోడ 129కి దిగిపోవును, వ్యాసము మాత్రము 741. అనగా మూడు టైర్లును భూమిమీద దాదాపు ఒకే యెత్తున నిలుచును. రబ్బరు మాత్రము తరుగుచు వచ్చును. ఇది ఊహాలెక్క గాదు. మహీంద్రావారు 2021లో తెచ్చిన ఎక్స్‌యూవీ 700 బండికి తక్కువ వెల రకములలో 17 అంగుళముల చక్రములను, ఎక్కువ వెల రకములలో 18 అంగుళముల చక్రములను ఈ కొలతలతోనే అమర్చిరి. ఎక్కువ ధనమిచ్చి తక్కువ రబ్బరు కొనుచున్నామన్న మాట!

ఈ పండ్రెండు మిల్లీమీటర్లు ఏమి రక్షించునని యడుగవచ్చును. న్యాయమైన ప్రశ్నయే. లోహపుటంచు టైరు కూర్చుండు చోటికన్న 17, 18 మిల్లీమీటర్లు బయటికి పొడుచుకొని యుండును. బండి బరువునకు టైరు అడుగున సుమారు 30 మిల్లీమీటర్లు అణగును. ఈ రెండును తీసివేసినచో, 19 అంగుళముల చక్రమునకు లోహము నేలనుండి 80 మిల్లీమీటర్ల పైచిలుకు ఎత్తుననే మొదలగును. 17 అంగుళముల చక్రమునకు 105 ఎత్తున మొదలగును. 100 మిల్లీమీటర్ల పొట్టిగట్టు మొదటిదానిని గీయును. రెండవదానికి రబ్బరే తగులును. కాని గట్టు 150 మిల్లీమీటర్లున్నచో రెండింటి లోహమును దానికి అందును. కావున గోడ ఎత్తైన టైరు వేసితిమిగదా యని గట్టునకు ఆనించి నడుపుట అవివేకము. గొడుగు చేతనున్నదని వరదలో దిగరాదు గదా!

ఎత్తైన గట్టువద్ద రక్షించునది వేరొకటి. అది టైరు లోహపుటంచుకన్న బయటికి ఉబ్బియుండుట. చేతిగాజు మణికట్టుకన్న ముందు గోడకు తగులునట్లు, రబ్బరు లోహముకన్న ముందు గట్టునకు తగులవలెను. వెడల్పైన లోహముపై ఇరుకైన టైరును సాగదీసి యెక్కించినచో అంచు బయటపడి మొదటి దెబ్బ తానే తినును. కొన్ని టైర్లకు అంచుచుట్టు రబ్బరుతోనే చిన్న కట్టవలె గట్టి యుందురు. దీనిని రిమ్ ప్రొటెక్టర్ అందురు. కొనునప్పుడు గోడమీద వ్రేలు త్రిప్పి చూచిన తెలియును. ఇది మెల్లగ ఒరసికొనినప్పుడు పనికివచ్చును గాని గట్టి దెబ్బను ఆపజాలదు.

మలుపున వెనుకచక్రమే యేల తగులునో కూడ చెప్పవలెను, మా వదినెగారిని మిక్కిలి బాధించినది అదియే గనుక. కారు మలుపు తిరుగునప్పుడు వెనుకచక్రములు ముందుచక్రముల జాడలోనే పోవు. మలుపు లోపలివైపునకు జరిగి పోవును. నడచుచు గుమ్మమున తిరిగినపుడు వెనుక జీరాడు పైటచెరగు ద్వారబంధపు మూలను ఒరయునట్లనుకొనుడు. కారు పొడవైనకొలది ఈ జరుగుడు హెచ్చు. పైగా ఎత్తుపీఠముపై కుడిప్రక్క కూర్చుండువారికి ఎడమప్రక్క నేల కనబడదు. ముందుచక్రము దాటినది గదా యని తిరిగిన తోడనే వెనుకచక్రము గట్టును పట్టుకొనును. ఇది స్త్రీపురుష భేదము లేక అందరికిని తగులు లెక్క.

మేము వదినెగారిని వెంటబెట్టుకొని టైర్ల దుకాణమునకు పోతిమి. ఒక దుకాణమువారు ఉన్న 18 అంగుళముల చక్రములకే 235/65 టైర్లను వేసెదమనిరి. గోడ పెరుగుట నిజమే. కాని కాగితముపై లెక్కించి చూడగా వ్యాసము 739 నుండి 763 మిల్లీమీటర్లకు పెరిగినది. అనగా నూటికి మూడు వంతులకు మించినది. అట్లయినచో వేగపుముల్లు 100 చూపుచుండగా బండి 103 వేగముతో పోవుచుండును. పూర్తిగ త్రిప్పినపుడును, బరువెక్కినపుడును టైరు లోపలి తొడుగునకు రాచుకొనవచ్చును. వలదని వచ్చితిమి.

రెండవ దుకాణమున పనివాడు బండిని పైకెత్తి దీపము పట్టి చూచెను. “అమ్మా, పైన గీతలకు దిగులు పడకండి, లోపలిప్రక్క చూడండి” అనెను. గట్టెక్కి దిగిన ముందుచక్రపు టైరు లోపలిగోడమీద నిమ్మకాయంత బుడిపె లేచియుండెను. మాకు నోట మాట రాలేదు. గట్టునకును లోహమునకును నడుమ రబ్బరు నలిగినపుడు గోడలోని దారములు తెగును. తెగినచోట లోపలి గాలి తోసుకొని బుడిపె లేచును. దీనికి అతుకు లేదు, మందు లేదు. ఆ టైరును తీసివేయుటయే మార్గము. దానితో రహదారిపై వేగముగ పోవునపుడు పగిలినచో ప్రాణాపాయము. ఇంటిల్లిపాది కంటికి కనబడు గీతలను చూచి నవ్విరేగాని కనబడని బుడిపెను ఒక్కరును వెదకలేదు! గాలి కొలిచి చూడగా తలుపు స్తంభముమీది పలకపై 33 అని యుండగా చక్రమున 24 మాత్రమే యుండెను. గాలి తక్కువైన టైరు గోడ యెంత యెత్తైనను సులభముగ నలుగును.

చివరకు నిశ్చయించిన దేమనగా, ఆ బండిలోనే తక్కువ వెల రకమునకు తయారీదారు స్వయముగ అమర్చిన 17 అంగుళముల చక్రములను, ఎత్తుగోడ టైర్లను నాలుగింటికి నాలుగును వేయించుట. ఇట్టి మార్పు చేయదలచిన సోదరీమణులు కొన్ని విషయములు విచారించుకొనవలెను. చిన్న లోహచక్రములోపల బ్రేకు యంత్రము ఇమడవలెను; రెండు రకముల బ్రేకులు ఒకటియేనా యని అడుగవలెను. మరల సీలల దూరము, నడిమి రంధ్రము, చక్రము లోపలికి కూర్చుండు కొలత సరిపోవలెను. టైరుమీద కొలతల తరువాత వచ్చు అంకె బరువునకు గురుతు, అక్షరము వేగమునకు గురుతు. 103వి అనగా ఒక్కొక్క టైరు 875 కిలోగ్రాములు మోయుననియు, గంటకు 240 కిలోమీటర్ల వేగమువరకు తగుననియు అర్థము. క్రొత్తటైరు ఈ రెండింటిలోను పాతదానికి తీసిపోరాదు. తయారీదారు నిర్ణయించిన వివరములకు భిన్నముగ బండిని మార్చుటను 1988 నాటి మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను నియంత్రించుచున్నది గనుక, తయారీదారు ఒప్పుకొనిన కొలతలను దాటకుండుట మేలు. భీమావారికి తెలియజేయుటయు మంచిది.

లాభముతోపాటు నష్టమును చెప్పకున్న వ్రాత సగమే యగును. గోడ యెత్తైన టైరు గతుకులలో మెత్తగ పోవును గాని మలుపులలో కొంచెము ఊగును. వేగముగ నడుపువారికి చేతిచక్రము మందముగ తోచును. చూపునకు పెద్ద చక్రమంత ఠీవి యుండదు. నాలుగు క్రొత్తచక్రముల వెల చిన్నది గాదు. కావున టైర్లు అరిగి మార్చు సమయముననే ఈ మార్పు తలపెట్టవలెను. మార్చు శక్తి లేనివారు విచారింప నక్కరలేదు. గాలిని పదునైదు దినముల కొకమారు, బండి చల్లగ నున్నపుడు చూచుకొనుడు. నిలుపునపుడు ఎడమ అద్దమును వెనుకచక్రము కనబడునట్లు క్రిందికి వంపుకొనుడు. మలుపున గట్టునకు మూరెడు దూరముంచి ఆలస్యముగ త్రిప్పుడు. గట్టెక్కక తప్పనిచో ఏటవాలుగ గాక ఎదురుగ, నెమ్మదిగ ఎక్కుడు. దెబ్బ తగిలిన పిదప టైరు రెండు ప్రక్కలను తడిమి చూడుడు. గీతను తరువాత నునుపు చేయించుకొనవచ్చును. లోహము వంగినను బీటవారినను మాత్రము అతుకు వేయింపక మార్చుడు.

వదినెగారు మైదానమున నేలమీద సున్నముతో గట్టువలె గీత గీసి పదిదినములు అభ్యసించిరి. అన్నగారే అద్దము వంచి చూపిరి. ఇప్పుడు అమ్మగారు చేతికఱ్ఱ లేక పెరటివరకు నడచుచున్నారు. మొన్న క్రొత్తచక్రముమీద సన్నని గీత యొకటి కనబడినది. ఇంటిలో నెవ్వరును మాటాడలేదు. అన్నగారు మాత్రము వంగి టైరు లోపలిగోడను తడిమి చూచి, “గోడ బాగున్నది” అని లేచిరి.

దేవాసుర యుద్ధమున రథచక్రపు శీల యూడగా కైక తన వ్రేలినుంచి దశరథుని కాపాడెనని పెద్దలు చెప్పుదురు. నేడు వ్రేలుంచ నక్కరలేదు. చక్రముమీది అంకెలను చదివిన చాలును. మన యింటి రథమును గూర్చి మనమే తెలిసికొందము గాక!