తెర మీది తెప్ప ఎలా తేలుతుంది?

సినిమా కోసం కట్టే తెప్ప చూసేవారికి ఇప్పుడో ఇంకాసేపట్లోనో విడిపోయేలా కనిపించాలి. నీటి మీద మాత్రం రోజంతా చెక్కుచెదరకుండా నిలవాలి. అందుకే ఆర్ట్ విభాగం వారు దాన్ని రెండు భాగాలుగా కడతారు. అడుగున బరువు మోసే తేలుడు భాగం, పైన కెమెరాకు కనిపించే తొడుగు. ఈ పద్ధతి మనకు కొత్తది కాదు. ముక్కోటి ఏకాదశికి ముందు భద్రాచలం తెప్పోత్సవంలో సీతారాములు విహరించే హంస వాహనంలోనూ కింద తేలేది పడవే. హంస రూపం దాని మీద కట్టిన అలంకరణ.

అడుగు భాగానికి ఆధారం ఆర్కిమెడిస్ సూత్రం. తేలే వస్తువు తన బరువుకు సమానమైన బరువుగల నీటిని పక్కకు తోస్తుంది. ఒక లీటరు మంచినీరు ఒక కిలో తూగుతుంది కనుక లెక్క సులువు. నటుడు 60 కిలోలు, వెదురు, చెక్కలు, తాళ్లు 84, థర్మోకోల్ 6 అనుకుంటే మొత్తం 150 కిలోలు. అది తేలాలంటే 150 లీటర్ల నీటిని తోయాలి. సరిగ్గా అంతే ఘనపరిమాణం ఉంటే తేలుడు భాగం పూర్తిగా మునిగి, చిన్న అలకే నీరు పైకెక్కుతుంది. కాబట్టి రెట్టింపు, అంటే 300 లీటర్లు ఉంచడం మంచిది. 2 మీటర్ల పొడవు, ఒకటిన్నర మీటరు వెడల్పు, 10 సెంటీమీటర్ల మందం ఉన్న థర్మోకోల్ దిమ్మె సరిగ్గా అంత వస్తుంది. ఘనపు మీటరుకు 20 కిలోలు తూగే రకమైతే దాని సొంత బరువు 6 కిలోలే. 150 కిలోల మొత్తానికి అది 5 సెంటీమీటర్లు మునుగుతుంది. ఆపైన పెరిగే ప్రతి 30 కిలోలకూ మరో సెంటీమీటరు దిగుతుంది.

ఖాళీ ప్లాస్టిక్ డ్రమ్ములూ ఈ పనికి వస్తాయి. అయితే డ్రమ్ముకు చిల్లు పడితే నీరు నిండి పనికిరాకుండా పోతుంది. థర్మోకోల్ ముక్కలైనా ప్రతి ముక్కా తేలుతూనే ఉంటుంది. దాని బలహీనత వేరు. పెట్రోలు, థిన్నరు తగిలితే కరిగిపోతుంది. ఫైబర్‌గ్లాస్‌కు వాడే పాలియెస్టర్ రెజిన్‌లోని స్టైరీన్ కూడా దాన్ని తినేస్తుంది. అందువల్ల ఎపాక్సీ రెజిన్‌తో గానీ, నీటితో కలిపే రంగుతో గానీ ముందు పూత వేయాలి.

తేలడం ఒక ఎత్తు, ఒరగకుండా నిలవడం మరో ఎత్తు. రెండు వరుసల డ్రమ్ములు మధ్యలో దగ్గరగా ఉంటే నటుడు అంచుకు జరగగానే తెప్ప తలకిందులవుతుంది. వాటి మధ్య ఎడం రెట్టింపు చేస్తే నిలదొక్కుకునే శక్తి సుమారు 4 రెట్లవుతుంది. గోదావరి రేవుల్లో రెండు పడవలను ఎడంగా నిలిపి, పైన బల్లలు పరిచి కట్టే పంటు స్థిరంగా ఉండటానికి కారణం ఇదే. తెరచాప కొయ్యల వంటి బరువులు ఎత్తున పెడితే ఈ లాభం తరిగిపోతుంది.

పై తొడుగులో ఎక్కువ శ్రద్ధ కోరేది తాడు. నూలు, జనపనార తాళ్లు తడిస్తే పోగులు ఉబ్బి, పొట్టిబడి, ముడి బిగుస్తుంది, ఎండగానే సడలుతుంది. నైలాన్ తాడు తడిస్తే మరింత సాగుతుంది. మధ్యాహ్నం ఎండ, సాయంత్రం తడి తగిలే షూటింగులో ముడిని నమ్మి మనిషిని ఎక్కించకూడదు. వెదుళ్లను లోపల బోల్టులతో బిగించి, కనిపించే చోట మాత్రమే తాడు చుట్టాలి.

ఆంగ్ లీ దర్శకత్వంలో 2012లో వచ్చిన ‘లైఫ్ ఆఫ్ పై’లో ఇలాంటి తెప్ప కథకే కేంద్రం. పుదుచ్చేరి కుర్రాడు లైఫ్ బోటులో ఉన్న పులికి దూరంగా ఉండేందుకు తెడ్లు, లైఫ్ జాకెట్లు కలిపి తెప్ప కట్టుకుని, ఆ బోటుకు తాడుతో తగిలించుకుంటాడు. సముద్రపు దృశ్యాలను తైవాన్‌లోని తైచుంగ్‌లో, వాడకం ఆగిన విమానాశ్రయ స్థలంలో కట్టిన అలల తొట్టిలో తీశారు. అందులో సుమారు 64 లక్షల లీటర్ల నీరు పట్టేది. 1982లో అట్లాంటిక్‌లో పడవ మునిగి, 76 రోజులు రబ్బరు తెప్ప మీద బతికిన స్టీవెన్ కాలహన్ ఈ చిత్రానికి సలహాదారు. నిజంగా ఆపదలో ఉన్న మనిషి చేతికి ఏ వస్తువులు దొరుకుతాయో, వాటిని ఎలా కడతాడో తెలిసినవాడు కనుకనే ఆ తెప్ప నమ్మదగినట్టు కనిపిస్తుంది.

కట్టడం పూర్తయ్యాక పరీక్ష తప్పనిసరి. నటుడి బరువుకు రెట్టింపు ఇసుక బస్తాలు పెట్టి ఎంత మునిగిందో కొలవాలి. నటుడి బరువంత బస్తాలను ఒక అంచుకు జరిపి ఎంత ఒరిగిందో చూడాలి. సముద్రపు నీరు మంచినీటి కంటే సుమారు రెండున్నర శాతం బరువు కనుక, మంచినీటిలో నెగ్గిన తెప్ప ఉప్పునీటిలో కాస్త పైకే తేలుతుంది. ఎంత చిన్న సన్నివేశమైనా రక్షణ పడవ, ఈతగాళ్లు, దుస్తుల లోపల లైఫ్ జాకెట్ ఉండాల్సిందే. ఇసుక బస్తాలతో నెగ్గని తెప్ప మీద మనిషిని ఎక్కించకూడదు.