కదలని కారు – తర్కము నేర్పు పాఠము

సూర్యాపేట జిల్లాలో కోదాడకు సమీపమున చిలుకూరు అను మండల కేంద్రము కలదు. హైదరాబాదు చెంత వేంకటేశ్వరస్వామి కొలువున్న చిలుకూరు వేఱు, ఇది వేఱు. ఇది నాగార్జునసాగరు ఎడమ కాలువ నీటితో వరి పండు సీమ. ఒకప్పుడు ఇంటి ముంగిట ఎడ్లబండి నిలిచిన చోట నేడు పలుచోట్ల కారు నిలుచుచున్నది. అందఱును క్రొత్తది కొనజాలరు గనుక, పట్టణమున పదేండ్లు తిరిగిన కారు పల్లెకు వచ్చి రెండవ జన్మ నెత్తుట సామాన్యమైనది. ఎడ్లకు రోగము వచ్చిన కారణము నూహింపగల రైతు బిడ్డకు సైతము, తాళము త్రిప్పినను కదలని కారు బ్రహ్మపదార్థముగా తోచును.

అట్టి యింట నొక యుదయమును ఊహించుకొనవచ్చును. ఒక పాఠశాలోపాధ్యాయుడు తాను కూడబెట్టిన సొమ్ముతో పన్నెండేండ్ల పెట్రోలు కారు కొన్నాడు. వృద్ధురాలైన తల్లిని కోదాడ ఆసుపత్రికి తీసికొని పోవలసిన నాడు తాళము త్రిప్పగా “టక్” మను చప్పుడు తప్ప మఱేమియు లేదు. ఇరుగుపొరుగువారు చేరిరి. “బ్యాటరీ ఒడిసింది సార్, కొత్తది ఏసుకోండి” అని యొకరు, “సెల్ఫ్ కాలిపోయినట్టున్నది” అని మఱొకరు, “పెట్రోలు అందుతలేదు” అని వేఱొకరు అనిరి. తల్లిని ఆటోలో పంపించి, ఆయన కారు ముందు నిలుచుండిపోయెను. మూడు సలహాలను పాటించినచో మూడు ఖర్చులు. మూడును తప్పు కావచ్చును. పాత కారు కొన్నవాని ధనమును హరించునది తఱచుగా యంత్రము కాదు, పరీక్షింపక చేయు నిర్ణయము.

ఇచట యంత్రశాస్త్రముకంటె ముందు అక్కఱకు వచ్చునది తర్కశాస్త్రము. ఆంధ్రుడైన అన్నంభట్టు రచించిన తర్కసంగ్రహమును చదివినవారు కొండమీది పొగను, నిప్పును మఱువరు. కారణమున్నచోట కార్యముండుట అన్వయము. కారణము లేనిచోట కార్యము లేకుండుట వ్యతిరేకము. ఈ రెండును చేతబట్టినవాడు కారు మూత యెత్తుటకు సగము అర్హుడు. మిగిలిన సగము, ఆ యంత్రములో ఏది దేనికి కారణమో తెలియుట.

మొదటి ప్రశ్న యొక్కటే: ఇంజను తిరుగుచున్నదా, లేదా? ఇంజను తనంతట తాను మేల్కొనదు. తొలి చుట్లు ఎవరైనను త్రిప్పవలెను. పూర్వము చేతి హ్యాండిలుతో త్రిప్పెడివారు. అది వెనుకకు తన్ని చేతులు విఱుగుటయు కలదు. అమెరికాలో చార్లెస్ కెటరింగు రూపొందించిన విద్యుత్ స్టార్టరు 1912 నాటి క్యాడిలాక్ కార్లలో వచ్చిన తరువాత ఆ శ్రమ తీఱెను. మన మెకానిక్కులు “సెల్ఫ్” అనునది ఈ మోటారునే. 2014లో తయారీ నిలిచిపోయిన అంబాసిడరు కారును హ్యాండిలుతో త్రిప్పిన జ్ఞాపకము పెద్దలకు నేటికిని ఉండును. కాని నేటి కార్లకు ఆ హ్యాండిలు లేదు. సెల్ఫ్ మూగవోయిన, ఇంజను మూగవోయినట్లే.

ఇంజను తిరుగనప్పుడు ముందు దీపములు వెలిగించి, తాళము త్రిప్పుచు చూడవలెను. దీపములు మిక్కిలి మసకబాఱినచో, బ్యాటరీలో బలము లేకపోవుటయో, ఆ బలము పోవు త్రోవలో అడ్డుండుటయో కారణమగును. దీపములు చెక్కుచెదరక వెలిగినచో, స్టార్టరునకు ఆజ్ఞయే అందుట లేదని గాని, అందినను అది పనిచేయుట లేదని గాని గ్రహింపవలెను. ఒక్క పైస ఖర్చు లేని ఈ పరీక్షతో వెదకవలసిన చోటు సగమునకు తగ్గును.

పిమ్మట కొలత రావలెను. 1859లో ఫ్రాన్సు దేశీయుడు గాస్తోఁ ప్లాంతే కనుగొన్న సీసపు బ్యాటరీ సంతతియే నేటి కారు బ్యాటరీ. అందు ఆఱు గదులు. ఒక్కొక్కటి రమారమి 2.1 వోల్టులు. కావున నిండుగా చార్జి అయి విశ్రాంతిగా నున్న బ్యాటరీ 12.6 వోల్టులు చూపును. 12 వోల్టులకు దిగిన యెడల అది దాదాపు వట్టిపోయినదే. స్టార్టరు తిరుగునపుడు సైతము అది 9.6 వోల్టులకు దిగువకు జాఱరాదు. ఇంజను నడచుచున్నపుడు సాధారణముగా 14 వోల్టుల చేరువలో నుండవలెను. లేనిచో నేరము బ్యాటరీది కాదు, దానికి చార్జి పెట్టు ఆల్టర్నేటరుది కావచ్చును.

పాఠశాలలో నేర్చిన ఓమ్ సూత్రము ఇచట ప్రాణము పోసికొనును. చిన్న కారు స్టార్టరు ఇంచుమించు 150 ఆంపియర్ల విద్యుత్తును గుంజుననుకొందురు గాక. బ్యాటరీ కొసన తెల్లని బూజువంటి పొడి పట్టి, ఆ అతుకు వద్ద 0.02 ఓముల నిరోధము ఏర్పడినచో, 150ని 0.02తో గుణింపగా 3 వోల్టులు. పండ్రెండింట మూడు ఆ పొడిలోనే హరించుకుపోవును! దీపమునకు కావలసిన విద్యుత్తు స్వల్పము గనుక అది చక్కగా వెలుగును; స్టార్టరు మాత్రము “టక్” మని యూరకుండును. బ్యాటరీ మంచిదే, మోటారు మంచిదే. చెడినది రెంటి నడిమి స్నేహము.

ఇంజను చురుకుగా తిరిగియు అంటుకొననిచో విచారణ వేఱు. పెట్రోలు ఇంజనుకు గాలి, ఇంధనము, నిప్పురవ్వ, వానికి తగిన ఒత్తిడి, సరియైన సమయము కావలెను. 1831లో ఫారడే కనుగొన్న విద్యుదయస్కాంత ప్రేరణవలన, కాయిలు 12 వోల్టులను వేల వోల్టులకు పెంచి రవ్వను పుట్టించును. కావున తీగ ఊడదీసి చేతబట్టి చూచుట ప్రమాదకరము. ఇంజెక్షను కార్లలో తాళమును ఒక మెట్టు త్రిప్పి చెవి యొగ్గినచో, ట్యాంకువైపున పంపు రెండు క్షణములు గుయ్యిమనుట పెక్కింట వినవచ్చును. ఆ ధ్వని లేనిచో ముందు ఫ్యూజును, రిలేను చూడవలెను. హారను రిలే అదే జాతిదైనచో దానిని ఇచటికి మార్చి చూచుట చక్కని వ్యతిరేక పరీక్ష. కాని ఒకేసారి రెండు మార్పులు చేయరాదు. చేసినచో కారు నడచినను కారణము తెలియదు.

పాత కారునకు పూర్వజన్మ వాసనలు కలవు. చిప్పు గల తాళపుచెవికి బదులు బజారులో కోయించిన నకలు ఇచ్చియుండవచ్చును; అది తలుపు తెఱచును, ఇంజనును త్రిప్పును, కాని మంట పుట్టనీయదు. దొంగల భయమున మొదటి యజమాని సీటు క్రింద రహస్యపు స్విచ్చు పెట్టించి, చెప్పుట మఱచియుండవచ్చును. నెలల తరబడి నిలిచిన కారులో పెట్రోలు పాడగును. వరిచేల నడుమ నున్న ఊళ్లలో ఎలుకలు తీగలు కొఱుకుట వింత కాదు. కావున పాత కారు కొనునాడు దానితోపాటు దాని చరిత్రను కూడ అడిగి కొనవలెను.

తొందరపాటునకు ప్రాణభయమును కలదు. చార్జి అగు బ్యాటరీనుండి హైడ్రోజను వాయువు వెలువడును. దాని చెంత అగ్గిపుల్ల తగదు. వేఱొక బండినుండి విద్యుత్తు తెచ్చునపుడు చివరి నల్లతీగను చచ్చిన బ్యాటరీకి గాక, దూరముగా ఇంజను లోహమునకు తగిలింపవలెను. బ్యాటరీ విప్పునపుడు ఋణధ్రువము ముందు, బిగించునపుడు అది చివర. సెల్ఫును పది సెకండ్లకు మించి ఏకధాటిగా త్రిప్పరాదు. మూసిన గదిలో ఇంజను నడుపుట మృత్యువును పిలుచుటయే.

చిలుకూరు ఉపాధ్యాయుని యొద్దకు చివరకు మెకానిక్కు వచ్చెననుకొనవచ్చును. అతడు ఎవరి తీర్పును వినలేదు; “సప్పుడెట్ల అయితున్నది సార్? ఒక్కసారి తిప్పుండ్రి” అని మాత్రమే అడిగెను. మీటరు ముల్లు నొకదానిని బ్యాటరీ కొసపైనను, రెండవదానిని ఆ కొసను పట్టిన బిళ్లపైనను ఉంచెను. ఒకదానినొకటి తాకియున్న ఆ రెంటి నడుమ ఏమియు చూపరాదు. తాళము త్రిప్పగనే నాలుగు వోల్టులు చూపెను. “కొత్త బ్యాటరీ సంగతి తర్వాత సార్. ముందుగాల దీన్ని ఇప్పి తోముదాం” అనెను. వంటసోడా నీళ్లతో కడిగి, గీకి, ఆఱబెట్టి బిగించిరి. కారు లేచెను. అతడు అంతటితో పోక, ఇంజను నడచుచుండగా మఱల కొలిచి, 14 వోల్టులు చూచిన పిదపనే మూత దించెను.

ఆ మెకానిక్కు ఓమ్ పేరు వినకపోవచ్చును. ఆ ఉపాధ్యాయుడు ఏండ్ల తరబడి ఆ సూత్రమును నల్లబల్లపై వ్రాసియుండవచ్చును. సూత్రము తెలిసినవాడు తన వాకిట దానిని గుర్తింపలేకపోయెను. గుర్తించినవాడు దాని పేరెఱుగడు. మన చదువులోని అతుకు కూడ ఇట్లే బూజు పట్టియున్నది. తరగతి గదినుండి ఒకనాడు పిల్లలను పాత కారు మూత చెంతకు తీసికొని పోయి, మీటరు వారి చేతికిచ్చి, “ఊహింపకుడు, కొలువుడు” అని చెప్పగల ఉపాధ్యాయుడు ఆ అతుకును తోమినవాడగును.