డీఎన్‌ఏ టీకా జన్యువులను మార్చేస్తుందా?

డీఎన్‌ఏ టీకా వేయించుకుంటే అది మన జన్యువుల్లో కలిసిపోయి పుట్టబోయే పిల్లలకూ సంక్రమిస్తుందన్న పుకారు కొవిడ్ నాటి నుంచి వాట్సాప్‌లో తిరుగుతూనే ఉంది. ఆ భయంతో టీకాను వాయిదా వేసుకున్నవారున్నారు. ఆంత్రాక్స్ కోసం రూపొందుతున్న డీఎన్‌ఏ టీకాలకూ ఇదే మరక అంటితే, దొమ్మ వ్యాధి అని పిలిచే ఈ జబ్బు పదేపదే తలెత్తే విశాఖ ఏజెన్సీ లాంటి ప్రాంతాలకే నష్టం. అసలు ఈ టీకాలో ఉండేది ఆంత్రాక్స్ క్రిమి కాదు. ప్రొటెక్టివ్ యాంటిజెన్ అనే ఒక్క ప్రొటీన్‌కు సంబంధించిన జన్యువును మోసే ప్లాస్మిడ్, అంటే గుండ్రటి చిన్న డీఎన్‌ఏ. క్రిమి విడుదల చేసే రెండు విషాలను మన కణాల్లోకి చేరవేసేది ఆ ప్రొటీనే. విషాల తోడు లేకుండా అదొక్కటే ఉంటే హాని చేయలేదు. దానిమీద యాంటీబాడీలు తయారైతే విషాలకు దారి మూసుకుపోతుంది.

మరి డీఎన్‌ఏ కణకేంద్రకంలోకి వెళ్తుంది కదా అని అడుగుతారు. వెళ్తుంది, వెళ్లకపోతే టీకా పనిచేయదు. కానీ కేంద్రకంలోకి వెళ్లడం వేరు, క్రోమోజోమ్‌లో అతుక్కోవడం వేరు. హెచ్‌ఐవీకి ఉన్నట్టు అతికించే ఎంజైమ్ ఈ ప్లాస్మిడ్‌కు లేదు. మన కణంలో సంఖ్య పెంచుకునే ఏర్పాటూ లేదు. ఆటలమ్మ వైరస్ డీఎన్‌ఏ మన నాడీకణాల్లో జీవితాంతం దాగి ఉంటుంది, అయినా మన జన్యువుల్ని తిరగరాయదు. ప్లాస్మిడ్ ముక్క ఎక్కడో అతుక్కునే అవకాశం సిద్ధాంతరీత్యా సున్నా కాదు, ఆ మాట ఒప్పుకోవాల్సిందే. అందుకే దాన్ని జంతువుల్లో వెతికి చూశారు. సహజంగా జరిగే జన్యుమార్పుల కంటే అది చాలా తక్కువని తేలింది. గుర్రాలకు వెస్ట్‌నైల్ జ్వరం రాకుండా వేసే డీఎన్‌ఏ టీకాకు అమెరికాలో 2005లోనే అనుమతి దొరికింది. మనుషుల కోసం ప్రపంచంలో మొదట అనుమతి పొందిన డీఎన్‌ఏ టీకా మన దేశానిదే, 2021లో వచ్చిన జైకోవ్-డి.

ఈ టీకాలు మనుషుల్లో అంతగా పనిచేయవన్న విమర్శలో మాత్రం పస ఉంది. ఎలుకల్లో బాగా పనిచేసిన డీఎన్‌ఏ టీకాలు మనుషుల దగ్గరికొచ్చేసరికి నీరసపడ్డాయి. జన్యువుల్ని మార్చేంత శక్తి ఉందని భయపడుతున్న టీకాకు అసలు లోపం బలం చాలకపోవడం! పరిశోధకుల శ్రమంతా దానిమీదే. బ్యాక్టీరియా జన్యువును మన కణాలకు అలవాటైన కోడాన్లలోకి, అంటే జన్యుభాషలోని మూడక్షరాల పదాల్లోకి, మార్చి రాస్తున్నారు. ప్రొటీన్‌ను కణం బయటికి పంపే సంకేతాలను, లేదా రోగనిరోధక కణాల కంటపడే చోటికి చేర్చే సంకేతాలను జన్యువుకు జోడిస్తున్నారు. దిల్లీ జేఎన్‌యూ శాస్త్రవేత్తలు ఈ దారిలో పనిచేశారు. సూది వేసిన చోట స్వల్ప విద్యుత్తు ప్రయోగించి ఎక్కువ డీఎన్‌ఏ కణాల్లోకి చేరేలా చేయడం మరో పద్ధతి.

టీకా సంగతి అలా ఉంచితే, ఆంత్రాక్స్ గురించీ అపోహలున్నాయి. మాంసం బాగా ఉడికిస్తే ఆంత్రాక్స్ పోతుందన్నది తప్పు, దాని స్పోర్లు (సిద్ధబీజాలు) మొండివి. రోగి పక్కన కూర్చుంటే అంటుకుంటుందన్నదీ తప్పే. పశువులకు వేసే స్టెర్న్ టీకా 1930ల నాటిది, అది డీఎన్‌ఏ టీకా కానే కాదు. దాన్ని ఏటా వేయించండి, వేయించే రోజుల్లో పశువుకు యాంటీబయాటిక్స్ ఇవ్వకండి. ఉన్నట్టుండి చనిపోయి ముక్కు, నోటి నుంచి గడ్డకట్టని నల్లటి రక్తం కారుతున్న పశువును కోయకండి, తోలు తీయకండి. పశువైద్యుడికి చెప్పి లోతుగా గొయ్యి తీసి సున్నం వేసి పూడ్చండి. అలాంటి పశువును ముట్టుకున్నాక చర్మంపై నొప్పిలేని పుండు లేచి మధ్యలో నల్లబడితే వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. తొలిదశలో యాంటీబయాటిక్స్‌తోనే నయమవుతుంది.