ఎండ ఎవరి సొత్తు?

బొగ్గు గనికి యజమాని ఉంటాడు. ఎండకూ గాలికీ ఎవరున్నారు? ఎవరూ లేరనే అనుకుంటాం. కాని ఎండను కరెంటుగా మార్చే పలకలు ఆకాశంలో నిలబడవు గదా! వాటికి నేల కావాలి. ఆ నేలమీద ఎవరో ఒకరు బతుకుతూనే ఉంటారు.

కర్ణాటకలోని పావగడ సంగతి చూడండి. చుట్టూ చాలామేర ఆంధ్రదేశమే. కన్నడంతోపాటు తెలుగూ వినిపించే తాలూకా. వానలు మొహం చాటేసే మెట్టసీమ. అక్కడ అయిదు గ్రామాల్లో సుమారు 13,000 ఎకరాల మీద సౌర విద్యుత్ కేంద్రం వెలిసింది. 2019 ఆఖరుకు 2,050 మెగావాట్లకు చేరింది. భూములు కొనలేదు, లాక్కోనూ లేదు. ఎకరాకు ఏటా 21,000 రూపాయలు, రెండేళ్లకోమారు నూటికి అయిదు చొప్పున పెంపు, ఈ షరతుమీద కౌలుకు తీసుకున్నారు. మంచి పద్ధతే. వేరుశనగ విత్తి అప్పులు పండించుకునే రైతుకు ఇది వరమే అంటాను.

మరి సెంటు భూమి లేనివాడో? ఆ పొలాల్లో కలుపు తీసి, కాయ వొలిచి పొట్టపోసుకున్న కూలీకి కౌలు రాదు. పని మాత్రం పోయింది. పలకలు తుడవడానికీ, గడ్డి కోయడానికీ, కాపలాకూ కొద్దిమంది చాలు. గొర్రెలూ మేకలూ మేసే బీడు కంచెలో పడిపోయింది. సంతకం పెట్టవలసినవాడితో బేరమాడారు. తక్కినవాళ్లను అడిగే ఏర్పాటే లేదు.

ఇది ఎవరో దుర్మార్గం చేసి జరిగింది కాదు. చట్టం తీరే అంత. పెద్ద థర్మల్ కేంద్రం పెట్టాలంటే ముందు బహిరంగ విచారణ జరపాలి. 2006 నాటి పర్యావరణ నోటిఫికేషను కింద సౌర విద్యుత్ కేంద్రానికి అది అక్కరలేదు. పొగ రాదు గనక ప్రశ్నా రాదనుకున్నారు కాబోలు! కరెంటు ధర నిర్ణయించేటప్పుడు నియంత్రణ మండలి జనం అభ్యంతరాలు వినాలని 2003 విద్యుత్ చట్టంలో ఉంది. కరెంటు వాడుకునేవాడికి ఉన్న ఆపాటి నోరు, కంచె పక్కన బతికేవాడికి లేకపోయింది.

తెలుగు పంతుల్ని గనక నాకు విభక్తులు గుర్తుకొస్తాయి. సర్కారు కాగితాల్లో పల్లె ఎప్పుడూ చతుర్థిలోనే ఉంటుంది: పల్లెల కొరకు, పల్లెలకై. తృతీయలో, అంటే పల్లెలచేత, జరిగింది అరుదు. అసలు లేకపోలేదు లెండి. కోయంబత్తూరు జిల్లాలోని ఓడంతురై పంచాయతీ 2006లో బ్యాంకు అప్పు తెచ్చి 350 కిలోవాట్ల గాలిమరను సొంతంగా పెట్టుకుంది. తన అవసరానికి పోగా మిగిలిన కరెంటును బోర్డుకు అమ్ముకుంది.

ఆంధ్రప్రదేశ్ 2024లో ప్రకటించిన విధానం 1,60,000 మెగావాట్లకు పైగా లక్ష్యం పెట్టుకుంది. మన మెట్టసీమల్లో ఇంకెన్ని పావగడలు లేస్తాయో! అందుకే, కౌలు రేటు ఖాయం కాకముందే గ్రామసభ పిలవమంటున్నాను. భూమి లేనివాళ్లూ, మందలు మేపుకునేవాళ్లూ ఆ సభలో కూర్చోవాలి. వచ్చే ఆదాయంలో కొంత పంచాయతీకి ముట్టాలి. దాన్ని దేనికి ఖర్చు పెట్టాలో వాళ్లు కూడా చెప్పాలి. ఇంకొక మాట. పాతికేళ్లకు పైబడి సాగే ఆ కౌలు పత్రాన్ని తెలుగులో రాసి, సంతకాలకు ముందే రచ్చబండ దగ్గర ఒకటికి రెండుసార్లు చదివి వినిపించాలి.