కట్టుకోమనే వాళ్లకే అందని బెల్టు

అది 1910వ సంవత్సరం. అమెరికా సైన్యానికి అప్పుడున్నది ఒకే ఒక్క విమానం. దాన్ని టెక్సాస్‌లోని ఫోర్ట్ శామ్ హూస్టన్‌కు తరలించి, నడిపే బాధ్యతను లెఫ్టినెంట్ బెంజమిన్ ఫులాయ్‌కి అప్పగించారు. ఆయన శిక్షణ అప్పటికి పూర్తి కాలేదు. సందేహం వచ్చినప్పుడల్లా రైట్ సోదరులకు ఉత్తరం రాసి, వాళ్ల జవాబు చదువుకుని మళ్లీ గాల్లోకి లేచేవాడు. ఆ విమానానికి గది లేదు, తలుపు లేదు. రెక్క అంచు మీద బిగించిన సీటులో కాళ్లు కిందికి వేలాడేసి కూర్చోవాలి. టెక్సాస్ మైదానాల వేడిగాలి ఒక్క తోపు తోసిందంటే మనిషి సీటులోంచి లేచిపోయేవాడు. ఫులాయ్ నేరుగా గుర్రపు జీనులు కుట్టే సైనిక పనివాడి దగ్గరికి వెళ్లి, నాలుగడుగుల తోలు పట్టీ కుట్టించుకుని, దాంతో తనను సీటుకు కట్టేసుకున్నాడు.

విమానపు సీటు బెల్టు పుట్టుక ఇలా జరిగింది. విమానం కూలితే ప్రాణం కాపాడాలని దాన్ని కుట్టించలేదు. మామూలుగా ఎగురుతున్న విమానాన్ని గాలి కుదిపితే మనిషి జారిపోకూడదని కుట్టించారు. అది సైనికాధికారి అనుభవంతో కనిపెట్టిన జాగ్రత్త. అయినా మిగతా పైలట్లకు అది వెంటనే ఎక్కలేదు. 1912 జులై 1న బోస్టన్ దగ్గర హారియట్ క్వింబీ ప్రాణమే పోయింది. అమెరికాలో పైలట్ లైసెన్సు అందుకున్న తొలి మహిళ ఆమె. వెనక సీట్లో ఒక ప్రయాణికుణ్ణి ఎక్కించుకుని వస్తుండగా విమానం ముక్కు ఉన్నట్టుండి కిందికి వాలింది. బెల్టులు లేని ఇద్దరూ గాల్లోకి విసిరేసినట్టు బయటికి పడిపోయారు. విమానం మాత్రం తనంతట తాను కిందికి జారి తీరంలోని బురదలో దిగబడింది. కట్టు ఎందుకో అంతకంటే గట్టిగా చెప్పిన సంఘటన ఇంకోటి లేదు.

ప్రయాణికుల విమానాలు వచ్చాక బెల్టు లోపలికి చేరింది. దాంతోపాటు దాన్ని కట్టించే మనుషులూ వచ్చారు. 1930 మే 15న ఓక్లాండ్ నుంచి షికాగో వెళ్లిన బోయింగ్ విమానంలో ఎలెన్ చర్చ్ అనే నర్సు ప్రయాణికుల బాగోగులు చూస్తూ వెళ్లింది. ప్రపంచంలో తొలి ఎయిర్ హోస్టెస్ ఆమే. ఆమెతోపాటు ఆ ఉద్యోగంలో చేరిన మరో ఏడుగురూ నర్సులే. నర్సులనే ఎందుకు ఎంచుకున్నారో ఊహించడం కష్టం కాదు. అప్పటి విమానాలు తక్కువ ఎత్తులో, మబ్బుల మధ్యనే ఎగిరేవి. కుదుపులకు కడుపులో తిప్పి వాంతులు చేసుకునేవాళ్లే ఎక్కువ. భోజనం వడ్డించడం, వాంతులు చేసుకునేవాళ్లను చూసుకోవడం, చివరికి నేలకు బిగించిన సీట్ల బోల్టులు వదులయ్యాయేమో చూడడం కూడా వాళ్ల పనే. అందరూ కూర్చునే చోట నిలబడి పనిచేయడం ఆ ఉద్యోగంలో మొదటి రోజు నుంచీ ఉన్నదే.

తర్వాత ఒత్తిడి నింపిన కేబిన్లు, జెట్ ఇంజిన్లు వచ్చాయి. విమానం పదీ పదకొండు కిలోమీటర్ల ఎత్తుకు ఎక్కింది. వాతావరణం కిందే ఉండిపోతుంది, ఇక కుదుపుల పీడ వదిలినట్టే అనుకున్నారు. పైన మరో శత్రువు కాచుకుని ఉంది.

ఆ ఎత్తులో గంటకు వందల కిలోమీటర్ల వేగంతో పరిగెత్తే గాలి ప్రవాహాలు ఉన్నాయని జపాన్ శాస్త్రవేత్త వాసబురో ఓయిషి 1920లలోనే బెలూన్లు ఎగరేసి కనిపెట్టాడు. వాటినే ఇప్పుడు జెట్ స్ట్రీమ్‌లు అంటున్నాం. మన దేశం మీద వానాకాలంలో తూర్పు నుంచి పడమరకు వీచే జెట్ స్ట్రీమ్‌ను 1950లలో లోకానికి తెలిపినవాడు మన తెలుగు శాస్త్రవేత్త పంచేటి కోటేశ్వరం. తర్వాత ఆయనే భారత వాతావరణ శాఖకు అధిపతి అయ్యాడు.

పంటకాలువలో నడిమి నీరు వడిగా పోతుంది, గట్టు వార నీరు మెల్లగా పోతుంది, ఆ రెండూ ఒరుసుకునే చోట సుడులు లేస్తాయి. జెట్ స్ట్రీమ్ అంచుల్లో జరిగేదీ ఇదే. పైపొరకూ కింది పొరకూ వేగంలో తేడా ఒక హద్దు దాటితే గాలి పొరలు అలలుగా లేచి, విరిగి, సుడులవుతాయి. కొండల మీదుగా వీచే గాలి కూడా ఇలాగే అలలు లేపుతుంది. 1966 మార్చి 5న జపాన్‌లోని ఫ్యూజీ పర్వతం దగ్గర అలాంటి గాలి అలల్లో చిక్కుకుని బ్రిటిష్ విమాన సంస్థకు చెందిన బోయింగ్ 707 ఒకటి గాల్లోనే ముక్కలైంది. 124 మంది చనిపోయారు. ఆ రోజు ఆకాశం తేటగా ఉంది.

విమానం ముక్కులో ఉండే రాడార్ ఇక్కడ పనికిరాదు. అది పంపే తరంగాలు వాన చినుకులకో వడగళ్లకో తగిలి తిరిగి వస్తేనే పైలట్‌కు తెర మీద రంగు కనబడుతుంది. చినుకే లేని పొడిగాలిలో తగలడానికి ఏమీ ఉండదు. మబ్బు లేని చోట వచ్చే కుదుపు రాడార్‌కూ కంటికీ ఒకేలా అదృశ్యం.

ఇక్కడ ఒక భయం తీర్చుకోవాలి. ఈ కాలపు పెద్ద విమానాలు కుదుపులకు విరిగిపోవడం దాదాపు జరగని పని. తమ బరువుకు రెండున్నర రెట్ల భారం మోయగలిగేలా వాటిని కడతారు. దానికి మళ్లీ ఒకటిన్నర రెట్ల భారం పడినా రెక్క విరగకూడదని నియమం. దెబ్బ తగిలేది విమానానికి కాదు, అందులోని మనిషికి. విమానం రాయి పడేదానికంటే వేగంగా కిందికి లాగబడినప్పుడు, బెల్టు లేని మనిషి మాత్రం రాయిలాగే పడతాడు. విమానం కంటే వెనకబడతాడు. చూసేవాళ్లకు అతను పైకి ఎగిరినట్టు ఉంటుంది గానీ నిజానికి పైకప్పే దిగివచ్చి అతని తలను కొడుతుంది. మరుక్షణం విమానం మళ్లీ పైకి లేస్తే అతను నేల మీదికి కూలబడతాడు. నడుము మీదుగా పోయే రెండంగుళాల పట్టీ ఒక్కటే మనిషినీ విమానాన్నీ ఒకే వస్తువుగా కదిలేలా చేస్తుంది. కారులో భుజం మీదుగా వచ్చే బెల్టు గుద్దుకోవడానికి విరుగుడు. విమానంలో నడుము పట్టీ పైకి ఎగరడానికి విరుగుడు.

ఆ పట్టీ ఎదిగింది. తోలు పోయి నైలాన్, పాలిస్టర్ వచ్చాయి. మూత లేపితే ఊడిపోయే లోహపు బకిల్ వచ్చింది. ఢీకొన్నప్పుడు గురుత్వానికి 16 రెట్ల తాకిడిని తట్టుకునే సీట్లు 1988 తర్వాత రూపొందిన విమానాలకు అమెరికాలో తప్పనిసరి అయ్యాయి. కేబిన్ సిబ్బందికి గోడకు మడిచిపెట్టే జంప్ సీట్లు, నడుముకూ రెండు భుజాలకూ బిగించే పట్టీలు ఇచ్చారు. ప్రయాణికుడి బెల్టు కంటే అది గట్టి కట్టు. కాకపోతే దాంట్లో కూర్చునేది విమానం లేచేటప్పుడూ దిగేటప్పుడూ. మిగతా సమయమంతా వాళ్లు నడవాలో, గ్యాలీలో, నిండితే వంద కిలోల దాకా తూగే ట్రాలీ పక్కన నిలబడే ఉంటారు.

దీని ఫలితం లెక్కల్లో కనబడుతుంది. అమెరికా రవాణా భద్రతా బోర్డు 2021లో ఒక అధ్యయనం ప్రకటించింది. 2009 నుంచి 2018 దాకా ఆ దేశపు పెద్ద విమాన సంస్థలకు జరిగిన ప్రమాదాల్లో మూడోవంతుకు పైగా కుదుపుల వల్లే. వాటిలో తీవ్రంగా గాయపడినవారిలో నూటికి దాదాపు 80 మంది కేబిన్ సిబ్బంది. విమానంలో ఉండే మనుషుల్లో వాళ్ల వాటా చాలా చిన్నది. మన దేశపు నియమం ప్రకారం 50 సీట్లకు ఒకరు. అంత కొద్దిమందే ఇంత ఎక్కువగా దెబ్బలు తింటున్నారంటే కారణం ఒకటే: కుదుపు వచ్చే క్షణానికి వాళ్లకు బెల్టు లేదు.

కాబట్టి అడగాల్సిన ప్రశ్న కుదుపును ఆపగలమా అని కాదు. వాళ్లు కూర్చోవడానికి ఎన్ని సెకన్లు ఇవ్వగలం అని.

2022 డిసెంబర్ 18న ఫీనిక్స్ నుంచి హోనొలులు వెళుతున్న హవాయియన్ ఎయిర్‌లైన్స్ విమానం ఎదుట ఒక మబ్బు పొగ స్తంభంలా నిట్టనిలువునా లేచింది. తప్పించుకునే వ్యవధి లేదు. కుదుపు రావచ్చని కెప్టెన్ కేబిన్ సిబ్బంది పెద్దకు ఫోన్ చేసి చెప్పాడు. ఒకటి నుంచి మూడు సెకన్లలో కుదుపు వచ్చేసింది.

2024 మే 21న లండన్ నుంచి సింగపూర్ వెళుతున్న సింగపూర్ ఎయిర్‌లైన్స్ విమానంలో 211 మంది ప్రయాణికులు, 18 మంది సిబ్బంది ఉన్నారు. మయన్మార్ మీద 37,000 అడుగుల ఎత్తులో విమానం కాస్త ఊగడం మొదలైంది. సీటు బెల్టు గుర్తు వెలిగించామని పైలట్ అన్న ఎనిమిది సెకన్లకు అసలు దెబ్బ తగిలింది. ఒక సెకను కూడా నిండకముందే కేబిన్‌లో బరువు తలకిందులైంది. మొత్తం 4.6 సెకన్లలో విమానం 178 అడుగులు దిగిపోయింది. బెల్టు లేనివాళ్లు పైకప్పుకు కొట్టుకుని కింద పడ్డారు. విమానాన్ని బ్యాంకాక్‌లో దించారు. ఒక ప్రయాణికుడు చనిపోయాడు, పదుల మంది గాయపడ్డారు. సింగపూర్ దర్యాప్తు సంస్థ ఫ్లైట్ రికార్డర్ నుంచి తీసిన లెక్కలివి. ట్రాలీని గ్యాలీకి తోసి, గొళ్లెం వేసి, జంప్ సీటు దించి, భుజాల పట్టీలు బిగించుకోవడం ఎనిమిది సెకన్లలో అయ్యే పని కాదు.

ఆ సెకన్లను పెంచడానికే ఇప్పుడు పరిశోధనంతా. కుదుపు ఎంత తీవ్రమో ఒకప్పుడు పైలట్ నోటి మాటే ఆధారం. చిన్న విమానానికి పెద్ద కుదుపు పెద్ద విమానానికి చిన్నదే కాబట్టి ఆ మాట అందరికీ ఒకే అర్థం ఇవ్వదు. అమెరికాలోని జాతీయ వాతావరణ పరిశోధన కేంద్రం శాస్త్రవేత్తలు విమానంలో ఉన్న సెన్సర్లతోనే గాలి సుడుల శక్తిని లెక్కగట్టే పద్ధతి తెచ్చారు. విమానం పెద్దదైనా చిన్నదైనా గాలి గురించి అది చెప్పే అంకె ఒకటే. ముందు వెళ్లిన విమానం కొలిచిన ఆ అంకెను వెనక వచ్చేవాటికి అందించే వ్యవస్థను అంతర్జాతీయ విమాన రవాణా సంఘం నడుపుతోంది. ముందు ఎవరైనా వెళ్లి ఉంటే వెనకవాళ్లకు సెకన్లు కాదు, నిమిషాలు దొరుకుతాయి. ఎవరూ వెళ్లని దారిలో లేజర్ సాయపడవచ్చు. జపాన్ అంతరిక్ష సంస్థ తయారుచేసిన లైడార్ గాల్లోని సన్నని ధూళి కణాల మీదికి కాంతి పంపి, వాటి కదలికను బట్టి గాలిని చదువుతుంది. 2018లో బోయింగ్ దాన్ని ఒక 777 మీద పరీక్షించింది. పదిహేడు కిలోమీటర్ల ముందే కుదుపు తెలిస్తే సుమారు 70 సెకన్లు చిక్కుతాయి.

ఈ లోపు గాలి ఊరుకోవడం లేదు. ఉత్తర అట్లాంటిక్ మీద ఒక సగటు ప్రదేశంలో మబ్బు లేని తీవ్ర కుదుపుల కాలం 1979లో ఏడాదికి 17.7 గంటలు ఉండగా 2020 నాటికి 27.4 గంటలకు పెరిగిందని బ్రిటన్‌లోని రీడింగ్ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు 2023లో లెక్కగట్టారు. భూమి వేడెక్కే కొద్దీ జెట్ స్ట్రీమ్‌లో పొరల మధ్య వేగం తేడా పెరగడమే కారణమని వాళ్ల వివరణ.

అన్నిటికంటే చవకైన పరిష్కారం మాత్రం ఏ యంత్రంలోనూ లేదు, పని వేళల్లో ఉంది. 2024 ప్రమాదం తర్వాత సింగపూర్ ఎయిర్‌లైన్స్ బెల్టు గుర్తు వెలిగితే వేడి పానీయాలే కాదు, భోజనాల వడ్డన కూడా ఆపాలని, సిబ్బంది కూర్చోవాలని నియమం పెట్టింది. కొరియన్ ఎయిర్ దిగడానికి 20 నిమిషాల ముందు ముగిసే సేవలను 40 నిమిషాల ముందే ముగించింది, ఎకానమీ తరగతిలో వేడి నూడుల్స్ మానేసింది. ప్రయాణికుడికి ఒక కప్పు కాఫీ పోయింది, సిబ్బందికి నిమిషాలు దక్కాయి. మన సంస్థలూ ఈ దారి పట్టాలి.

మనవంతు పని ఇంకా చిన్నది. గుర్తు ఆరిపోయినా, కూర్చున్నంతసేపూ బెల్టు వదులుగానైనా పెట్టుకునే ఉండండి. బెల్టు పెట్టుకోమని చెప్పడానికి ఒక అమ్మాయి నడవాలో అడుగులు వేస్తోందంటే, మీ ఒక్కరి కోసం ఆమె బెల్టు లేకుండా నిలబడి ఉందని అర్థం. ఆమె కూర్చున్నాక టీ కోసం బటన్ నొక్కకండి.