బోదకాలు - రక్తపరీక్ష

పెడనలో గుంటమగ్గము ముందు దినమంతయు కూర్చుండు నేతగానికి కాలు వాచినచో, అది అలసట వలన వచ్చినదని తోచుట సహజము. వాపు తీయక, అడపాదడపా చలిజ్వరము వచ్చి గజ్జలలో బిళ్లలు కట్టుచున్నచో బోదకాలును శంకింపవలెను.

దారము వంటి పురుగులు ఈ వ్యాధికి మూలము. మురుగునీట పెరుగు క్యూలెక్స్ దోమ వీనిని ఒకరినుండి మరొకరికి చేర్చును. వీని పిల్లలు రాత్రి 10 గంటలు మొదలు 2 గంటల వరకు రక్తములో విశేషముగా సంచరించి, పగలు ఊపిరితిత్తుల రక్తనాళములలో దాగును. అందుచేతనే ఆరోగ్యసిబ్బంది రాత్రివేళ వచ్చి వ్రేలినుండి రక్తపుచుక్క తీయుదురు.

ఆ చుక్కలో ఏమియు లేనంతమాత్రమున రోగము లేదనరాదు. కాలు బాగుగా వాచిన పిదప పిల్లపురుగులు తరచు కనిపింపనే కనిపింపవు. పగలు చేయదగిన కార్డు పరీక్షయు పాతవాపులో లేదని చూపవచ్చును. రక్తమునిండ పురుగులున్న మనిషి ఏ బాధయు లేక తిరుగుచుండుటయు కలదు. కావున పరీక్షాఫలితమును, రోగి దేహమును కలిపి చూచి వైద్యుడు నిర్ణయింపవలెను.

జాతీయ ఫైలేరియా నియంత్రణ కార్యక్రమము 1955లో ఆరంభమైనది. 2004 నుండి సామూహికముగా మాత్రల పంపిణీ సాగినది. మాత్రలు వ్యాప్తిని అరికట్టును గాని, ముదిరిన వాపును తీయజాలవు. ప్రతిదినము సబ్బునీట కాలు కడిగి, వ్రేళ్లసందులు తడి లేకుండ ఒత్తి, పుండ్లకు మందు వేసి, విశ్రమించునపుడు కాలు ఎత్తున నుంచినచో జ్వరములు తగ్గును.

పరీక్షలో లేదని వచ్చినవాని బాధను ఇంటివారు కల్లగా తలపరాదని శ్రోతలకు మా మనవి.