అమ్మమ్మ పుట్టేది 2045లోనా?

పుట్టిన రోజు చెప్పమంటే "పార్థివ నామ సంవత్సరం, శ్రావణ మాసం" అనే పెద్దలు మన ఇళ్లలో ఇంకా ఉన్నారు. మన సంవత్సరాల పేర్లు అరవై కాబట్టి ప్రతి పేరూ అరవయ్యేళ్లకు తిరిగి వస్తుంది. పార్థివ 1945లో వచ్చింది, మళ్లీ 2005లో వచ్చింది. ఎదుట కూర్చున్న అమ్మమ్మను చూస్తే అది ఏ పార్థివో ఎవరికైనా తెలుస్తుంది. కంప్యూటరు మనిషిని చూడలేదు. దానికి "45" అని రెండంకెలే ఇస్తే ఏ శతాబ్దమో అదే ఊహించుకుంటుంది.

ఒక సంఘం తన కుటుంబాల వివరాలన్నీ కంప్యూటరులో పెట్టిందనుకుందాం. షష్టిపూర్తి ఎవరికి, 80 నిండినవారెవరు అని జాబితా తీయాలి. ఆ వివరాలు బీరువాలో సర్దినట్టు ఉంటాయి. బరంపురం, బళ్లారి, షోలాపురం, హోసూరు, యానాం అంటూ ఊరికొక ఫైలు. ఫైలులో ఇంటికొక కవరు, కవరులో మనిషికొక ఫారం, ఫారంలో పుట్టిన తేదీ గడి.

ఈ పనికి నేడు చాలామంది వాడేది పైథాన్ అనే భాష. నెదర్లాండ్స్‌కు చెందిన గైడో వాన్ రోసమ్ దీనిని 1991లో వెలువరించారు. "ప్రతి ఊరిలో, ప్రతి ఇంటిలో, ప్రతి మనిషి ఫారంలో పుట్టిన తేదీ చూడు" అని మూడు మెట్లలో చెబితే చాలు, అది గడిదాకా వెళుతుంది. గడి ఖాళీగా ఉంటే ఆ పేరును వేరే కాగితం మీద రాయమని కూడా ముందే చెప్పాలి. లేకపోతే పని అక్కడే ఆగిపోతుంది.

గడిలో ఉన్నది తేదీ కాదు

గడిలో దొరికేది ఉత్త అక్షరాల వరుస. దానిని తేదీగా మార్చే సాధనం పేరు స్ట్రప్‌టైమ్. రోజు, నెల, సంవత్సరం ఏ వరుసలో ఉన్నాయో దానికి గుర్తులతో చెప్పాలి. నాలుగంకెల సంవత్సరానికి పెద్ద 'వై', రెండంకెలకు చిన్న 'వై'. చిన్న 'వై' పెడితే 69 నుంచి 99 వరకు 1900లలోకి, 00 నుంచి 68 వరకు 2000లలోకి వెళతాయి. 1945లో పుట్టిన అమ్మమ్మ 2045లో పుట్టబోయే పాప అవుతుంది!

చిన్న 'ఎమ్' అంటే నెల, పెద్ద 'ఎమ్' అంటే నిమిషాలు. ఇక్కడ పొరపడితే 15-08-1947 కాస్తా 1947 జనవరి 15 అవుతుంది. 08ని నిమిషాలుగా తీసుకుని, నెల చెప్పలేదు కనుక జనవరి అనుకుంటుంది. తప్పని ఒక్క మాట కూడా అనదు.

అమెరికాలో ఉన్న పిల్లలు ఫారం నింపితే మరో చిక్కు. 03-04-1958 మనకు ఏప్రిల్ 3, వారికి మార్చి 4. 25-04 అయితే ఇరవై అయిదో నెల లేదు గనుక యంత్రం అభ్యంతరం చెబుతుంది. రోజు 12 లోపు ఉంటేనే తప్పు చడీచప్పుడు లేకుండా దూరిపోతుంది.

డబ్బుతో ముడిపడిన అంకె

ఇది కేవలం సన్మానాల జాబితా సంగతి కాదు. కేంద్ర ప్రభుత్వ పింఛనుదారులకు 80 నిండాక మూల పింఛనుపై 20 శాతం అదనం వస్తుంది. పుట్టిన తేదీ తప్పితే అదీ తప్పుతుంది.

అందుచేత జాబితా చేసే యువకులు తేదీని ముందు 1945-08-20 వరుసలో దాచుకోవాలి. 1988లో వచ్చిన అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్‌ఓ 8601 చెప్పే పద్ధతి ఇదే. ఇలా రాస్తే వయసు వరుసలో పేర్చడం కూడా తేలిక. "20 ఆగస్టు 1945" అని అందంగా అచ్చువేయడం స్ట్రఫ్‌టైమ్ పని, అది చివరకు. నేటికంటే తర్వాతి పుట్టిన తేదీ ఏదైనా వస్తే విడిగా తీసి చూడాలి. "05" అని ఉంటే మాత్రం 1905 కావచ్చు, 2005 కావచ్చు. ఆ ఇంటికి ఫోను చేసి అడగడమే దారి.

ఇక ఫారం నింపే మనం చేయవలసింది ఒక్కటే: నెలను అక్షరాలలో, సంవత్సరాన్ని నాలుగంకెలలో రాయడం.